పుస్తకాలతో పాటు ఇంటి ఖర్చు

 

ఐబీపీఎస్ క్లర్కు ప్రిలిమ్స్‌లో 60 నిమిషాల్లో 100 ప్రశ్నలు. తప్పు జవాబుకు పావు మార్కు కోత. మన పిల్లలకు లెక్కలు రాక కాదు, వేగం చాలకే పోతోంది. రోజూ కంప్యూటర్ ముందు గడియారం పెట్టుకుని కూర్చుంటేనే ఆ వేగం వస్తుంది. డిగ్రీ చదివిన అబ్బాయి పగలంతా బట్టల కొట్లో నిలబడి వస్తే, రాత్రి క్లాసులో కునుకుపాట్లే. ఆడపిల్లలనైతే చీకటి పడ్డాక ఇంట్లోవాళ్లు పంపరు, వాళ్లను తప్పుపట్టలేం.

పుస్తకాలు ఇస్తున్నారు, సంతోషం. ఈసారి ఆ కొట్టు జీతం ఆరు నెలలు మీరివ్వండి. పగటి క్లాసులు మేం నడుపుతాం. జనరల్ అభ్యర్థులకు వయసు 28 దాటకూడదు. మా క్లాసులో 27 నిండినవాళ్లూ ఉన్నారు.