ఇంటి పనికి, కొట్టు పనికి ఒకే న్యాయము
(చెన్నపట్టణమున మన సంఘ సమావేశమందు చేసిన ప్రసంగ పాఠము)



మన పెద్దలు ఈ పట్టణమునకు వచ్చి వర్తకము సాగించిన నాడు వీథివైపు కొట్టు, వెనుకవైపు కాపురము. పగలు బేరము, రాత్రి భోజనానంతరము చిట్టా ఆవర్జాలు. కావున ఇంట కూర్చుండి పనిచేయుట మనకు క్రొత్త కాదు. 2020 మార్చి 25వ తేదీనుండి దేశమంతయు మూతపడినప్పుడు కంప్యూటరు ఉద్యోగములు ఇండ్లకు వచ్చినవి. మన బట్టలకొట్లకు మాత్రము తాళములు పడినవి. గజమును, కత్తెరను ఇంటికి తీసికొనిపోయిన బేరము జరుగదు గదా!

ఆ వ్యాధి తగ్గిన పిమ్మట "ఆఫీసునకు రండు" అని యజమానులు, "ఇంటనే చేయుదుము" అని ఉద్యోగులు వాదులాడుట మన పిల్లల ఉద్యోగములలోనే చూచుచున్నాము. తీర్పు చెప్పుటకు ముందు మా కొట్టులో జరిగినది మనవి చేసికొందుము.

లెక్కలు వ్రాయు అమ్మాయి తల్లి మంచము పట్టినది. వారమునకు మూడు దినములు ఇంటినుండియే లెక్కలు చూచుకొమ్మని అనుమతించితిమి. ఒక్క పైసా తప్పలేదు. కాని దినమెల్ల నిలిచి బట్టలు చూపు కుర్రవారు, "అయ్యా, ఆమెకు వెసులుబాటు, మరి మాకేమి?" అని యడిగిరి. మొదట మాకు కోపము వచ్చినది. రాత్రి ఆలోచింపగా ప్రశ్న న్యాయమైనదే యని తోచినది.

తమిళనాడు ప్రభుత్వము 2021లో దుకాణముల చట్టమును సవరించి, పనివారికి కూర్చుండుటకు ఆసనము లుండవలెనని విధించినది. మేము బల్లలు వేయించితిమి. కాని కూర్చున్నవానిని చూచి మొగము చిట్లించుచుంటిమి. ఇప్పుడు గిరాకి లేనివేళ కూర్చుండుడని మేమే చెప్పుచున్నాము. వారపు సెలవులను, వచ్చిపోవు వేళలను ఒక వారము ముందే వ్రాసి గోడకు అంటించుచున్నాము. ఇద్దరు ఒప్పుకొన్నచో మార్చుకొనవచ్చును.

మరియొక తప్పు ఒప్పుకొనవలెను. ఆ యేట జీతములు పెంచునప్పుడు కంటి యెదుట నున్నవారికి పెంచితిమి. ఇంటనుండి పనిచేయు ఆమెను మరచితిమి. ఆమె నోరు విప్పలేదు. మాకు గుర్తుచేసినవాడు, "మరి మాకేమి?" అని యడిగిన కుర్రవాడే! సిగ్గుపడి ఆ నెలనుండియే సరిచేసితిమి.

2017లో ప్రసూతి చట్టమును సవరించినప్పుడే, పని స్వభావము అనుకూలించినచో, సెలవు ముగిసిన తల్లి యజమానితో ఒప్పందము చేసికొని ఇంటినుండి పనిచేయవచ్చునని పార్లమెంటు అంగీకరించినది. యజమానుల మగు మనము చట్టముకంటె వెనుకబడరాదు. ఇంటికి పోగల పనికి చోటులో సడలింపు, పోలేని పనికి వేళలో సడలింపు ఇయ్యవలెను. ఇంట నున్నారు గదా యని రాత్రి పొద్దుపోయిన పిమ్మట ఫోను చేయరాదు. పనివారును ఇచ్చిన మాట నిలుపుకొనవలెను.

తక్కెడ పట్టిన వంశములు మనవి. సరకు తూచునప్పుడు రెండు తట్టలను చూతుము. మనుష్యుల విషయమునను అట్లే చూడవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాము.