లావుణి పట్టా భిక్ష కాదు

(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సభల్లో చేసిన ప్రసంగ పాఠం. మూడు చోట్ల చెప్పినదాన్ని ఒక్కటిగా కూర్చి ఇస్తున్నాం.)



పొద్దుగూకింది. కూలి నుంచి సీదా ఇక్కడికే వచ్చినోళ్ళు చానా మంది ఉన్నరు. ఎక్కువ సేపు కూర్చోబెట్టను.

మా నాయినకు గుట్ట కింద రెండెకరాల లావుణి పట్టా ఇచ్చిన్రు. పేరుకు చెలక, ఉన్నవన్నీ రాళ్ళే. మా అమ్మ, అక్కలు తట్టలతోటి రాళ్ళు మోసి గట్లకు పోసిన్రు. కంది, ఆముదం పండే దాకా వాళ్ళ నడుములు విరిగినయ్. తర్వాత ఒకనాడు గొలుసు పట్టుకొని కొలిచేందుకు వచ్చిన ఉద్యోగి అన్నడు: "ఇది నీదేంది? సర్కారిచ్చింది, సర్కారు తీసుకుంటది." మా నాయిన ఏం మాట్లాడలేదు. తలకున్న రుమాలు తీసి చేతిలో పట్టుకున్నడు. ఆయన ఆనాడు చెప్పలేకపోయిన జవాబు ఇయ్యాల మీ ముందు చెప్పాలని వచ్చిన.

సర్కారు ఊరికే ఇచ్చిందా? ఇది నల్లగొండ గడ్డ. 1946 నుంచి 1951 దాకా ఇక్కడ వెట్టి మీద, దొరల మీద పోరు నడిచింది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే మీకేం కావాలె అని అడిగితే దళితవాడ 80 ఎకరాల భూమి అడిగింది. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచిండు. ఇచ్చినాయన పేరు బడి పుస్తకాల్లో ఉంది. అడిగినోళ్ళ పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? 1973లో సీలింగు చట్టం కూడా పోరాడితేనే వచ్చింది. అసైన్డ్ భూమి అమ్మొద్దు, కొనొద్దు అని 1977లో 9వ నంబరు చట్టం చేసిన్రు. అది మంచిదే, పెద్దోళ్ళ చేతికి తిరిగి పోకుండా చేసిన చట్టం. కాని చూడుండ్రి, బిడ్డ పెండ్లికి మనం అమ్ముకుంటే నేరం. అదే భూమిని సర్కారు గుంజుకొని కంపెనీకి ఇస్తే అభివృద్ధి!

ఇంగ్లీషోడు 1894లో భూసేకరణ చట్టం రాసిండు. ప్రజా ప్రయోజనం అంటే చాలు, ఎవరి భూమైనా తీసుకోవచ్చు. ఆ చట్టం 2013 దాకా నడిచింది. కంపెనీల కోసం తీసుకునేందుకు అందులో ప్రత్యేకంగా ఒక భాగమే ఉండేది. మన పట్టా కాగితంలనేమో ఇంకో షరతు: సర్కారుకు అవసరమైతే పరిహారం లేకుండా వాపసు తీసుకోవచ్చు. అందుకే మ్యాపు గీసేటోని పెన్సిలు ముందుగాల మన చెలక మీదనే ఆగుతది. పటేలు భూమి తీసుకుంటే వకీలు వస్తడు, పైసలు అడుగుతడు. మన దగ్గరికి వచ్చేది నోటీసు, అది చదివి చెప్పేటోడు కూడా ఉండడు.

పాలమూరు జిల్లా జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో ఇదే జరిగింది. దళితుల, లంబాడీల, బీసీల అసైన్డ్ భూములు పారిశ్రామిక పార్కు పేరుతో తీసుకొని, ఆనక మందుల కంపెనీలకు సెజ్ చేసిన్రు. భూమి పోయినోళ్ళు అదే భూమిలో ఊడ్చే పనికి, కావలి పనికి కుదిరిన్రు. 2008 ఉప ఎన్నికల్లో వాళ్ళే నామినేషన్లు వేసి నిలబడ్డరు.

మన దిక్కు చూద్దాం. మేళ్ళచెరువు, మఠంపల్లి, వాడపల్లి దిక్కు సున్నపురాయి ఉంది, సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చినయ్. దుమ్ము మన ఇండ్ల మీద పడ్డది, పర్మినెంటు నౌకర్లు మాత్రం మన వాడలకు ఎన్ని వచ్చినయో మీరే లెక్క చెప్పాలె. హైదరాబాద్–విజయవాడ రోడ్డు వెడల్పుకు సర్కారే భూమి తీసుకుంది, కొర్లపహాడ్ గేటు దగ్గర పదేండ్లకు పైగా టోలు వసూలు చేసుకున్నది కంపెనీ.

ఇది మన దగ్గరే కాదు. అమెరికాల న్యూ లండన్ అనే ఊర్లో ఇండ్లు కూల్చి, స్థలం ప్రైవేటు బిల్డర్లకు ఇస్తే నౌకర్లొస్తయ్, పన్నులొస్తయ్ అన్నరు. 2005లో వాళ్ళ సుప్రీం కోర్టు 5–4తో సరేనన్నది. పక్కనే ఉన్న ఫైజర్ కంపెనీని చూసి వేసిన ప్లాను అది. 2009లో ఆ కంపెనీ ఊరు విడిచి పోతున్నట్టు చెప్పింది. కూల్చిన జాగల ఏండ్ల తరబడి గడ్డి మొలిచింది. కాదన్న నలుగురిలో క్లారెన్స్ థామస్ అనే నల్ల జడ్జి ఉన్నడు. ఇట్లాంటి అభివృద్ధి పేరుతో ముందు ఖాళీ చేయించేది నల్లోళ్ళనే అని రాసిండు. ఆయన మన పక్షం మనిషేం కాదు, అయినా ఆ మాట నిజం.

కోదాడలో ఒక తమ్ముడు అడిగిండు: "బాబాసాహెబ్ కూడా భూమి సర్కారుదే కావాలన్నడు గదా?" మంచి ప్రశ్న. 1947లో 'రాష్ట్రాలు – మైనారిటీలు' అనే పత్రంలో వ్యవసాయ భూమి రాజ్యం చేతిలో ఉండాలని రాసిండు. ఎందుకు? కులం చూడకుండా ఊరోళ్ళకే సాగుకిచ్చి, భూస్వామి గాని, కౌలుదారు గాని, భూమి లేని కూలి గాని ఉండకుండా చేయడానికి. ఆయన రాసిన రాజ్యం కూలిని లేకుండా చేయాలన్నది. ఇప్పటి సర్కారు రైతును కూలి చేస్తున్నది.

ఇగ చేతికి పనికొచ్చే సంగతి. 2004లో చేవెళ్ల ఆర్డీవో కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది: అసైన్డ్ భూమి తీసుకుంటే పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలె. 2013 చట్టం ఇంకా ముందుకు పోయింది. ప్రైవేటు కంపెనీకైతే నూటికి 80 కుటుంబాల సమ్మతి కావాలె, ఆ లెక్కలో అసైన్డ్ కుటుంబాలు కూడా వస్తయ్. ఎస్సీ, ఎస్టీల భూమి పోతే పోయినంత గాని, రెండున్నర ఎకరాలు గాని, ఏది తక్కువైతే అంత భూమి ఇవ్వాలని రెండో షెడ్యూల్‌లో ఉంది. మూడేండ్లుగా ఆ భూమి మీదనే బతుకుతున్న కూలీలు, కౌలుదార్లు కూడా బాధిత కుటుంబాలే. సెంటు భూమి లేని అక్కా, నీకు కూడా పునరావాసం హక్కుంది.

అయితే చట్టానికి సందులు పెడుతనే ఉంటరు. 2015లో తెలంగాణ సర్కారు 123 జీవో తెచ్చింది, కూలీలు కోర్టుకు పోతే 2016 ఆగస్టులో హైకోర్టు కొట్టేసింది. 2017లో సవరణ చట్టం తెచ్చి కొన్ని ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అంచనా అక్కర్లేదన్నరు, ఒప్పందం మీద కొనొచ్చన్నరు. 2024లో లగచర్లలో ఫార్మా కోసం భూమి అంటే రైతులు తిరగబడ్డరు, జైలుకు పోయిన్రు. నవంబర్‌లో ఆ నోటిఫికేషన్ రద్దు చేసిన్రు, వెంటనే ఇండస్ట్రియల్ పార్కు పేరుతో ఇంకోటి వేసిన్రు. పేరు మారితే సంబురపడొద్దు, సర్వే నంబర్లు చూడాలె.

తెల్లకాగితం మీద వేలిముద్ర వేయకండ్రి. ఒప్పంద పత్రం అంటే ఇంటికి తెచ్చుకొని, చదువుకున్న పిల్లతోని చదివించుకున్నంకనే సంతకం. గ్రామసభల మగోళ్ళే కూర్చుంటే సరిపోదు, రాళ్ళు మోసినోళ్ళు కూడా కూర్చోవాలె.

ఇప్పుడు లావుణి పట్టాలు, పాత పహాణీ నకళ్ళు తెచ్చినోళ్ళు ఇటు ముందుకు రాండ్రి. పేరు, సర్వే నంబరు రాసుకుందాం. పట్టా పోయినోళ్ళు, చెదలు తిన్నోళ్ళు కూడా పోవద్దు, నకలుకు దరఖాస్తు ఈడనే రాసిస్తం.