అమ్మమ్మ పెట్టెలో వసకొమ్ము
(మోరిస్‌విల్‌లో మనవలను చూసుకోవడానికి వచ్చిన పెద్దల ఎదుట ఒక పిల్లల డాక్టరు చేసిన ప్రసంగ పాఠం)



మిమ్మల్ని హిందూ భవన్‌లోనూ, చర్చ్ స్ట్రీట్ పార్కులో క్రికెట్ ఆడేచోటా చూస్తూనే ఉంటాను. ఇంతమంది అమ్మమ్మలూ తాతయ్యలూ ఒక్కచోట కనిపించేసరికి తెనాలిలో ఉన్నానా అనిపించింది. పెట్టెలో వసకొమ్ము తెచ్చినవారు చేతులెత్తండి అంటే ఎవరూ ఎత్తరు, ఎదురుగా డాక్టరుంది కదా! భయపడకండి, మా అమ్మ కూడా తెచ్చింది.

మా అబ్బాయికి ఐదో వారంలో సాయంత్రమైతే చాలు, గుక్కపట్టి ఒకటే ఏడుపు. పిల్లల వైద్యం చదివిన నేనే బెంబేలెత్తాను. అమ్మ ఇంగువ రంగరించి బొడ్డు చుట్టూ రాసి, ఒళ్ళో బోర్లా వేసుకుని వీపు నిమిరింది. ఏడుపు తగ్గింది. ఇంగువ కన్నా నిమరడమే పనిచేసిందని నా అనుమానం. ఆ మాట పైకి అనలేదు. మర్నాడు సానమీద వస అరగదీస్తుంటే మాత్రం చేయి పట్టుకున్నాను. "నీకూ ఇదే పోశాను, ఇప్పుడు నన్నే మాట్లాడనివ్వవు" అని రెండు రోజులు ముఖం తిప్పుకుంది.

ఎందుకు ఆపానో ఆనాడు సరిగా చెప్పలేకపోయాను. వసలో బీటా అసరోన్ అనే పదార్థం ఉంటుంది. అది ఎలుకలలో కాన్సరు తెచ్చిందని అమెరికా ప్రభుత్వం 1968లోనే వసను ఆహారంలో వాడకుండా నిషేధించింది. ఇక తేనె. ఏడాది నిండని పిల్లలకు నాలుకకు రాయడం కూడా వద్దు. దానిలో ఉండే ఒక సూక్ష్మజీవి వల్ల వచ్చే బొట్యులిజం జబ్బు చాలాసార్లు మలబద్ధకంతోనే మొదలవుతుంది. గ్రైప్ వాటర్ 1851లో ఇంగ్లండులో పుట్టింది. పాతకాలపు సీసాలో ఆల్కహాలు ఉండేది. ఇప్పుడు లేకుండా చేస్తున్నా, అది పనిచేస్తుందనడానికి గట్టి రుజువు లేదు. ఈ కడుపునొప్పి ఏడుపు ఆరో వారానికి ముదిరి, మూడు నాలుగు నెలలకు దానంతటదే పోతుంది. అప్పుడు ఏ మందు పోస్తూ ఉంటే దానికే పేరు!

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది సీసం. ఇది మన రాష్ట్రం సంగతే. 2011 నుంచి 2018 వరకు రక్తంలో సీసం ఎక్కువగా ఉన్న పిల్లల ఇళ్ళలో నార్త్ కరోలినా ఆరోగ్యశాఖవారు పసుపు, కారం, కుంకుమ, మూలికల మందులు సేకరించి పరీక్ష చేశారు. నాలుగో వంతుకు పైగా నమూనాలలో కిలోకు ఒక మిల్లీగ్రాము గాని, అంతకు మించి గాని సీసం ఉంది. సీసం ఒంట్లో చేరితే కడుపునొప్పి, మలబద్ధకం వస్తాయి. అంటే ఏ బాధకని చూర్ణం పోశామో, ఆ బాధే తెచ్చిపెట్టవచ్చు. పేరూ ఊరూ లేని పొట్లాలు పసివాళ్ళకు వాడకండి. ఏడాదికీ, రెండేళ్ళకూ చేసే సీసం పరీక్ష మానకండి.

రెండేళ్ళు దాటిన వారిలో నేను ఎక్కువగా చూసేది మలబద్ధకం. అన్నం తినలేదని బెంగతో రోజుకు ఐదు సీసాల పాలు పడతాం, పాలతో కడుపు నిండి వాడు అన్నం ముట్టడు. పాలు 24 ఔన్సులు దాటనివ్వకండి. బొప్పాయి, జామ, పప్పు, ఆకుకూర పెట్టండి. భోజనమయ్యాక కాళ్ళకింద పీట వేసి పది నిమిషాలు కూర్చోబెట్టండి, కసరకండి. తమలపాకు కాడకు ఆముదం రాసి పెట్టడం మాత్రం ఇక్కడితో వదిలేద్దాం.

విరేచనాలైతే లంఖణం పరమౌషధం పిల్లలకు వర్తించదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ కలరా రోగులకు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు తాగించి ఎన్నో ప్రాణాలు నిలిపారు. ఆ నీళ్ళే ఇక్కడ మందుల షాపులో పీడియాలైట్. కొంచెం కొంచెంగా పట్టండి. పెరుగన్నం మీరు పెట్టినట్టే పెట్టండి. ఆరు నెలల లోపు వారికి మాత్రం పాలు తప్ప వాము నీళ్ళు కూడా వద్దు. పీడియాలైట్ అయినా డాక్టరు చెబితేనే.

పసరు రంగు వాంతి, మలంలో రక్తం, ఎనిమిది గంటలుగా మూత్రం లేకపోవడం, మూడు నెలల లోపు బిడ్డకు 100.4 జ్వరం, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. అల్లుడుగారు లేచేదాకా ఆగవద్దు.

మా అమ్మ పోయిన వేసవిలో మళ్ళీ వచ్చింది. పెట్టెలో వస లేదు, రెండు కిలోల వాము ఉంది. జంతికలలో వేసుకుంటున్నాం. ప్రశ్నలుంటే భోజనాల దగ్గర అడగండి, అక్కడే ఉంటాను.