తప్పు కట్టింది ఎవరి కూలితో?

(ఆళ్లగడ్డలో దళిత మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అక్కలారా, అన్నలారా, పొద్దంతా చేన్లో వంగి పనిచేసి కూడా వచ్చి కూర్చున్న అవ్వలారా, జై భీమ్.

పోలీస్ స్టేషన్ మనది కాదని మనం చిన్నప్పుడే నేర్చుకున్నాం. 1985లో కారంచేడు, 1991లో చుండూరు, ఇప్పుడు మన నంద్యాల జిల్లాలో ఉన్న వేంపెంట 1998లో. ఇవి చూసినోళ్లకు వేరే చెప్పే పని లేదు. పైగా "ఎవరి మనిషివి?" అని అడిగినాకనే అర్జీ చదివే ఫ్యాక్షన్ సీమ మనది. అందుకే ఇంటి గొడవ వాడ దాటకూడదు, మనమే తీర్చుకుందాం అన్నాం. తీర్చినామా?

కొన్నేళ్ల కింద మా బడిలో మూడో తరగతి పాప రోజూ నిద్రపోతాండె. అడిగితే "అమ్మకు చెయ్యి ఇరిగింది, గేదె తన్నింది" అనింది. వాళ్లకు గేదె లేదు. సంగతి తెలిసి పెద్దమనుషులు పంచాయితీ పెట్టినారు. మొగునికి అయిదువందలు తప్పు వేసినారు. ఆ అయిదువందలు ఎక్కడివి? చెయ్యి ఇరగకముందు ఆ తల్లి పత్తి ఏరిన కూలి. దెబ్బలు తిన్నదీ ఆమే, తప్పు కట్టిందీ ఆమే. ఆ రచ్చకట్ట మీద ఒక్క ఆడమనిషి లేదు. మేము ఉన్నాం. న్యాయం చేసినామనుకొని టీ తాగి లేచినాం. ఆ సిగ్గు ఈ పొద్దుకూ పోలేదు.

పోలీసులూ ప్రజలూ కలిసి పనిచేయాలని 2000లో ఉమ్మడి రాష్ట్రంలో 'మైత్రి' కమిటీలు పెట్టినారు. 2019లో గ్రామ సచివాలయాల్లో మహిళా పోలీసులను వేసినారు. పేరు ఏదైనా, అందులో కూర్చునేది ఎవరన్నదే ప్రశ్న. ఊరి పెత్తందార్లే కూర్చుంటే అది పాత పంచాయితీకి కొత్త టోపీ. ఊరిని కాపలా కాసే పని మన ఆడవాళ్లకు కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించినారు. ఆ పోరు రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం తెచ్చింది. వాళ్లకు ఎవరూ లాఠీ ఇయ్యలేదు.

చట్టం సంగతి వినండి. 2005 గృహహింస చట్టం కింద కొట్టడమే కాదు, తిట్టడం, డబ్బు గుంజుకోవడం, ఇంట్లోంచి గెంటడం కూడా హింసే. ఇల్లు ఎవరి పేరున ఉన్నా ఆమెను వెళ్లగొట్టే హక్కు మొగునికి లేదు. మేజిస్ట్రేటు రక్షణ ఉత్తర్వు ఇస్తే, దాన్ని మీరినవానికి ఏడాది దాకా జైలు. ఆమే పోనక్కర్లేదు, పక్కింటామె కూడా రక్షణాధికారికి చెప్పొచ్చు. మంచి మనసుతో చెప్పినామె మీద కేసు ఉండదు. పాత 498ఏ సెక్షన్ 2024 జూలై 1 నుంచి న్యాయ సంహితలో 85వ సెక్షన్ అయింది. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రభుత్వ వకీలు ఉచితం, ఆదాయం అడగరు. ఆపదొస్తే 112, మహిళలకు 181, వకీలు కోసం 15100. ఈ నంబర్లు బడి గోడ మీద రాద్దాం.

"మనోన్ని మనమే స్టేషన్‌కు పట్టిస్తామా?" అని అన్నలు అడుగుతారు. పెత్తందారు మనల్ని కొడితే ధర్నా చేస్తాం. మనోడు మనామెను కొడితే తలుపు వేసుకుంటాం. ఆమె ఒంటి మీద రెండు దెబ్బలూ ఒకటే. కులం పోరుకు ఆమె కావాల, ఆమె పోరుకు వాడ వద్దా? బాబాసాహెబ్ 1951లో మంత్రి పదవి వదిలిన కారణాల్లో హిందూ కోడ్ బిల్లు ఒకటి. ఆడదాని హక్కు ఆయనకు ఇంటి గొడవ కాలేదు.

ఇకమీదట ఏ వాడలో పంచాయితీ జరిగినా సగం మంది ఆడవాళ్లు కూర్చోవాల. చెయ్యి ఇరిగిన కేసుకు తప్పు డబ్బు లేదు, రాజీ లేదు. ఆమె స్టేషన్‌కు పోతానంటే ఒంటిగా పంపొద్దు, పదిమందిమి వెంట నడుద్దాం. అప్పుడు "ఎవరి మనిషివి?" అని అడిగితే, "మా మనిషి" అని వాడంతా చెప్పాల.

జై భీమ్.