ఫ్యూజన్ కరెంట్ వచ్చేసిందా? నా పాత వీడియోకి నేనే ఇస్తున్న కరెక్షన్

ఈరోజు వీడియో కొంచెం ఇబ్బందిగానే మొదలుపెడుతున్నా. ఎందుకంటే ఇది నేను చేసిన తప్పు గురించి.

2022 డిసెంబర్‌లో ఈ ఛానెల్‌లో ఒక వీడియో పెట్టాను. థంబ్‌నెయిల్ మీద పెద్ద పసుపు అక్షరాలతో "ఇక కరెంట్ బిల్లు ఉండదు!" అని. అప్పటికి నేనింకా జాబ్‌లో ఉన్నా. ఆఫీస్ నుంచి వచ్చి రాత్రి రెండింటిదాకా కూర్చుని ఎడిట్ చేశా. బాగా వెళ్ళింది ఆ వీడియో, నాకూ సంబరంగానే ఉండేది.

మొన్న సంక్రాంతికి ఖమ్మంలో మా మామయ్య వాళ్ళింటికి వెళ్ళా. డాబా మీద పతంగులు ఎగరేస్తూ ఊరికే అడిగా, "ఇంత డాబా ఖాళీగా ఉంది కదా మామయ్యా, సోలార్ పెట్టించలేదేంటి?" అని. ఆయన నావైపు వింతగా చూశాడు. "నువ్వే కదా అల్లుడూ, ఫ్యూజన్ వస్తోంది, బిల్లే ఉండదు అన్నావు? కొటేషన్ కూడా తీసుకున్నా. ఇంకెందుకులే డబ్బులు దండగ అని పక్కన పెట్టేశా" అన్నాడు.

ఆయన ఎగతాళికి అనలేదు. నిజంగానే నమ్మి ఆగాడు. నాకు నోట మాట రాలేదు.

సరే, అసలు అప్పుడు ఏం జరిగిందో చూద్దాం. కాలిఫోర్నియాలో లారెన్స్ లివర్‌మోర్ నేషనల్ ల్యాబ్ ఉంది. అందులో నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీ, షార్ట్‌గా ఎన్‌ఐఎఫ్. 2022 డిసెంబర్ 5న అక్కడ 192 లేజర్ కిరణాల్ని ఒకేసారి ఒక చిన్న బంగారు గొట్టంలోకి కొట్టారు. గొట్టం లోపల మిరియం గింజంత వజ్రపు గుండు ఉంటుంది. దానిలో డ్యుటీరియం, ట్రిటియం, అంటే హైడ్రోజన్‌కే బరువైన అన్నదమ్ములు. లేజర్ తగలగానే బంగారం ఎక్స్-రేలు వదులుతుంది, ఆ దెబ్బకి గుండు లోపలికి కుంచించుకుపోతుంది, వేడి 10 కోట్ల డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో పరమాణువుల కేంద్రకాలు కలిసిపోయి ఎనర్జీ వదులుతాయి. లేజర్ ఇచ్చింది 2.05 మెగాజౌల్స్, వచ్చింది 3.15 మెగాజౌల్స్. "పెట్టిన దానికంటే ఎక్కువ వచ్చింది" అని ప్రపంచమంతా హెడ్‌లైన్స్. నేనూ అదే చదివి వినిపించా.

ఇప్పుడు మెగాజౌల్స్ వదిలేసి, మన కరెంట్ బిల్లు మీద ఉండే యూనిట్లలోకి మారుద్దాం. ఒక యూనిట్ అంటే 3.6 మెగాజౌల్స్. అంటే ఆ చారిత్రక ప్రయోగంలో వచ్చిన మొత్తం ఎనర్జీ ఎంత? 0.87 యూనిట్. ఒక్క యూనిట్ కూడా కాదు! ఇంట్లో ఏసీ ఓ గంట వేస్తే దాదాపు అయిపోయేంత. ఈ భాగహారం అప్పట్లో చేయడానికి నాకు ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు. చేయలేదు.

అసలు కథ ఇంకోటుంది. ఆ 2.05 మెగాజౌల్స్ అనేది లేజర్ కాంతి టార్గెట్ మీద పడినప్పటి లెక్క. ఆ లేజర్ల కోసం కరెంట్ లైన్ నుంచి తీసుకున్నది సుమారు 300 మెగాజౌల్స్. అంటే 83 యూనిట్లు. 83 పెట్టి ఒకటికి తక్కువ తెచ్చుకున్నారు. మన పెళ్ళిళ్ళలో "భోజనాలకి రెండు లక్షలైంది, చదివింపులు మూడు లక్షలొచ్చాయి, లక్ష లాభం" అన్నట్టుంది ఇది. ఫంక్షన్ హాలు, బంగారం, బట్టలు ఎవరి ఖాతాలో వేస్తారు?

దీంట్లో శాస్త్రవేత్తలు మోసం చేశారని కామెంట్లలో మొదలుపెట్టకండి. వాళ్ళు టార్గెట్ దగ్గర లెక్క అనే చెప్పారు, గోడ దగ్గర 300 అని కూడా దాచలేదు. దాన్ని కత్తిరించింది మాలాంటివాళ్ళం.

పైగా అది చిన్న విజయం ఏం కాదు. ఎన్‌ఐఎఫ్ 2009లో సిద్ధమైంది. 2012కల్లా ఇగ్నిషన్ సాధిస్తామన్నారు, కాలేదు. 2021 ఆగస్టులో ఒక షాట్ 1.3 మెగాజౌల్స్ దాకా వెళ్ళింది. మళ్ళీ అదే ట్రై చేస్తే ఆ నంబర్ దగ్గరికి కూడా రాలేదు. వజ్రపు గుండులో కంటికి కనపడని లోపం ఒక్కటున్నా అది అన్ని వైపులా సమానంగా నలగదు, అంతే, షాట్ పోయినట్టే. మన కోడ్‌లో "నా మెషీన్‌లో రన్ అయింది" అనే పరిస్థితి, కాకపోతే ఇక్కడ మెషీన్ మూడు ఫుట్‌బాల్ గ్రౌండ్లంత. అయినా వదల్లేదు. 2025లో 8.6 మెగాజౌల్స్ తెచ్చారు, దాదాపు అదే లేజర్‌తో. మూడేళ్ళలోపే రెండున్నర రెట్లకి పైగా! నాకైతే 2022 కంటే ఇదే ఎక్కువ నచ్చింది. దీనికి మాత్రం అన్ని హెడ్‌లైన్స్ రాలేదు.

మరి కరెంట్ ప్లాంట్ ఎందుకు కాదు? ఎన్‌ఐఎఫ్‌లో రోజుకి ఒకటో రెండో షాట్లు. ప్లాంట్ కావాలంటే సెకనుకి పదిదాకా కావాలి, ఆగకుండా. ఒక్కో గుండునీ అంత జాగ్రత్తగా తయారుచేస్తుంటే రోజుకి లక్షల్లో ఎలా? ఇంధనం సంగతీ అంతే. డ్యుటీరియం నీళ్ళలోనే దొరుకుతుంది, మన మణుగూరులో గోదావరి నీళ్ళ నుంచి తీసే భారజలంలో ఉండేది అదే. ట్రిటియం అలా కాదు. పన్నెండేళ్ళకి సగం కరిగిపోతుంది, కాబట్టి లిథియం నుంచి ప్లాంట్‌లోనే పుట్టించుకోవాలి. ఆ స్థాయిలో ఇంకా ఎవరూ చేసి చూపించలేదు. అసలు ఎన్‌ఐఎఫ్‌ని కట్టింది కరెంట్ కోసం కూడా కాదు. అమెరికా 1992 తర్వాత అణు పరీక్షలు ఆపేసింది, బాంబులు పేల్చకుండానే వాటిని అర్థం చేసుకోవడం దాని ముఖ్యమైన పని. ఈ ముక్క కూడా నా వీడియోలో లేదు.

ఫ్రాన్స్‌లో కడుతున్న ఐటర్ వేరే పద్ధతి, లేజర్లు కాదు, అయస్కాంతాలు. మన దేశమూ భాగస్వామే. దాని బయటి స్టీల్ పాత్ర, 3,800 టన్నులకి పైనే ఉంటుంది, ఆ ముక్కలు గుజరాత్‌లోని హజీరాలో తయారై వెళ్ళాయి. గర్వంగానే ఉంటుంది. కానీ అందులో డ్యుటీరియం, ట్రిటియం కలిపి మండించేది 2039లో అని వాళ్ళే షెడ్యూల్ ఇచ్చారు. అదీ ప్రయోగమే, అందులోంచి గ్రిడ్‌కి కరెంట్ రాదు. అప్పటికి మా మామయ్య రిటైరై కూడా చాలా ఏళ్ళవుతుంది.

ఆయన డాబా మీద మూడు కిలోవాట్ల ప్యానెల్స్ పెడితే, ఎండ బాగున్న రోజు సుమారు 12 యూనిట్లు. ఎన్‌ఐఎఫ్ రికార్డు షాట్ యూనిట్లలో 2.4. మామయ్య డాబా పొద్దున కాఫీ, టిఫిన్ అయ్యి కాసేపయ్యేసరికి దాన్ని దాటేస్తుంది.

పాత వీడియో డిలీట్ చేద్దామనుకున్నా. కానీ డిలీట్ చేస్తే చూసినవాళ్ళకి తప్పని తెలియదు కదా. అందుకే ఉంచేసి టైటిల్ మార్చా, థంబ్‌నెయిల్ తీసేశా, ఈ వీడియో లింక్ పిన్ చేశా. ఖమ్మం నుంచి వచ్చే ముందు మామయ్య పక్కన కూర్చుని పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో నేనే అప్లికేషన్ నింపా. మూడు కిలోవాట్లకి సబ్సిడీ 78,000. ఆయన ఫారం మొత్తం రెండుసార్లు చదివాకే సబ్మిట్ నొక్కనిచ్చాడు. "ఈసారి నీ మాట మీద కాదు అల్లుడూ" అన్నాడు.

ప్యానెల్స్ బిగించాక ఒక నెల మీటర్ రీడింగ్ తీసుకొచ్చి చూపిస్తా, తక్కువొచ్చినా సరే. ఆ పాత వీడియో చూసి మీరు కూడా ఏదైనా ఆపుకుని ఉంటే కింద రాయండి, ఒక్కొక్కరికీ రిప్లై ఇస్తా. ఉంటాను.