కాలేజీ ఆఫీసు గది



కావలి జవహర్ భారతి 1951 నాటిది. స్థాపించిన దొడ్ల రామచంద్రారెడ్డి గారు అందరికీ తెలుసు. అక్కడ మొదటి అడ్మిషన్ రిజిస్టరు రాసిన గుమాస్తా ఎవరు? చెప్పలేం. మన చిట్టమూరు పిల్లల టి.సి.లూ, స్కాలర్‌షిప్ బిల్లులూ అటువంటివారి చేతుల మీదుగా వచ్చినవే.

నేను పనిచేసిన ఒక కాలేజీలో అటెండరు సర్వీసు రిజిస్టరులో నాలుగేళ్ల వెరిఫికేషన్ లేదు. 1980 నిబంధనల ప్రకారం పూర్తి పెన్షనుకు 33 ఏళ్లు చూపాలి. పాత జీతాల బిల్లులు దుమ్ము దులిపి నెలనెలా సరిచూశాం. ఏడాదిన్నర పట్టింది. అంతకాలం ఆయన ఇల్లు అప్పు మీదే నడిచింది. గంట మాత్రం ఏనాడూ ఆలస్యంగా కొట్టలేదు పాపం!

2021లో ఎయిడెడ్ సిబ్బంది చాలామంది ప్రభుత్వ కాలేజీలకు మారారు. మీ ఇళ్లలో అటువంటివారుంటే రిజిస్టరు నకలు ఇప్పుడే తీసి పెట్టుకోమనండి.