కవర్లో మొక్క తోటలో నిలబడాలి



మాలో ఎక్కువ చదివినవాళ్లది పదో తరగతి అండి. మా అరటి నర్సరీ గురించి చెప్పమని అడిగారు. లాభం సంగతి తర్వాత చెబుతాం. ముందు నష్టం సంగతి చెబుతాం. మాకు పని నేర్పింది అదే.

మన వైపు అరటి అంటే ఎవరికీ కొత్త కాదు. చక్కెరకేళి, కర్పూరం, అమృతపాణి, బొంత మన పెరళ్లలో చూస్తూనే పెరిగాం. రావులపాలెం మార్కెట్టుకి గెలలు వెళ్లడం రోజూ చూస్తాం. పక్క తోటలో పిలక తవ్వి తెచ్చి నాటడం మన పెద్దల నాటి అలవాటు. కానీ ఆ పిలకతో పాటు దుంపలో ముక్కుపురుగు వస్తుంది, వేరులో నులిపురుగు వస్తుంది, వెర్రితెగులు కూడా వస్తుంది. వెర్రితెగులు పట్టిన చెట్టుకి ఆకులు సన్నబడి, నిక్కబొడుచుకుని, గుత్తిలా ఒకచోట చేరతాయి. దానికి మందు లేదు. చెట్టు పీకి నాశనం చేయడమే. అందుకే టిష్యూకల్చర్ మొక్కలు అడిగేవాళ్లు పెరిగారు. ఆ గిరాకీ చూసే మేము సంఘం అప్పు తీసుకుని షేడ్ నెట్ వేశాం.

మేము ల్యాబ్ పెట్టలేదండి. ల్యాబ్ వాళ్లు సీసాలో పెంచి, కొన్ని వారాలు పాలీహౌస్‌లో ఉంచిన చిన్న మొక్కల్ని ట్రేల్లో తెస్తాం. వాటిని కవర్లలోకి మార్చి, నలభై అయిదు రోజుల నుంచి రెండు నెలల దాకా పెంచి రైతుకి ఇస్తాం. వినడానికి తేలిక పని.

మొదటి ఏడు తొలకరి నాట్లకి అందాలని ఏప్రిల్‌లో గ్రాండ్ నైన్ మొక్కలు తెచ్చాం. నీడలో పెట్టి, పూటపూటా నీళ్లు పోశాం. పచ్చగా నిగనిగలాడుతుంటే మురిసిపోయాం. ఒక కౌలు రైతు అర ఎకరానికి ఆరు వందల మొక్కలు తీసుకున్నారు. రోహిణి కార్తెలో బోరు నీళ్ల మీద నాటారు. వారం తిరక్కుండా ఆకులు మాడిపోయాయి. రెండు వందల మొక్కల దాకా చచ్చిపోయాయి.

ఆయన మా మీద కేకలు వేయలేదు. "మొక్క డబ్బులు పోతే పోయాయమ్మా, ఆలస్యమైన పంటకి కౌలు ఎవరు కడతారు?" అన్నారు. ఆ మాటకి మా దగ్గర జవాబు లేదు.

ఆ వారం మీటింగులో పెద్ద గొడవ అయింది. "అమ్మాం, డబ్బు తీసుకున్నాం, నాటిన తర్వాత మనకేం సంబంధం?" అని కొందరు. "రేపు ఆయన మొహం ఎలా చూస్తాం?" అని కొందరు. అప్పు వాయిదా కట్టాల్సిన నెల అది. ఎవరి మాటా తప్పు కాదు. చివరికి రెండు వందల మొక్కలు ఉచితంగా ఇవ్వాలని తీర్మానం రాసి అందరం సంతకాలు పెట్టాం. ఆ ఏడు మాకు మిగిలింది ఏమీ లేదు.

తర్వాత తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకున్నాం. సీసాలో పుట్టిన మొక్క పురిటి బిడ్డ లాంటిది. లోపల తేమ, తియ్యటి ఆహారం అన్నీ అమరి ఉంటాయి. అందుకే ఆకు మీద మైనం పూత సరిగా కట్టదు, ఆకు రంధ్రాలకి మూసుకోవడం చేతకాదు. బయట ఎండా గాలీ తగిలితే ఒంట్లో నీరంతా ఆవిరైపోతుంది. నర్సరీలో పెంచడం అంటే మొక్కని పొడుగు చేయడం కాదు, ఎండకి అలవాటు చేయడం. మేము ఆ ఒక్క పనే చేయలేదు.

పొదుపు సంఘానికి పంచసూత్రాలు ఉన్నట్టే ఇప్పుడు మా నర్సరీకీ అయిదు నియమాలు రాసుకున్నాం.

మొదటిది, మొక్క పుట్టుక. వైరస్ పరీక్ష కాగితం చూపించిన చోటే కొంటాం. టిష్యూకల్చర్ మొక్కలకి కేంద్ర బయోటెక్నాలజీ శాఖ 2006 నుంచి ధ్రువీకరణ విధానం నడుపుతోంది. అది అడగడం మన హక్కు. నాటు రకాలకి పిలకలు తేవాల్సి వస్తే తెగులు లేని తోటలో, కత్తిలా సన్న ఆకులున్న సూది పిలకలే తీస్తాం. వెడల్పాకుల నీటి పిలకలు ముట్టం.

రెండోది, మట్టి. ఇసుక, మాగిన గెత్తం, కొబ్బరి పొట్టు కలిపి గుల్లగా ఉంచుతాం. కవరు అడుగున చిల్లులు తప్పనిసరి.

మూడోది, నీళ్లు. వేలు పెట్టి చూసి, పైమట్టి ఆరితేనే పోస్తాం. ఎక్కువైతే దుంప కుళ్లుతుంది.

నాలుగోది, ఏరివేత. మరీ గిడసబారినవి, ఆకు మీద తెల్లచారలున్నవి, మొవ్వు వంకర తిరిగినవి పక్కన పెట్టేస్తాం. పారేసేటప్పుడు ప్రాణం ఉసూరుమంటుంది. కానీ ఆ మొక్క అమ్మితే ఉసూరుమనేది రైతు ఇల్లు.

అయిదోది, ఎండ. చివరి పది పదిహేను రోజులు నీడ కొద్దికొద్దిగా తీసేస్తాం. ముందు పొద్దుటి ఎండ, తర్వాత సగం రోజు, ఆ పైన రోజంతా. నీళ్లూ తగ్గిస్తాం. నిగనిగ కాస్త తగ్గుతుంది, ఆకు మందం అవుతుంది. అడుగు ఎత్తు, అయిదారు ఆకులు వచ్చాకే గేటు దాటిస్తాం. మట్టి గడ్డ చెదరకుండా కవరు కోసి, సాయంత్రం పూట నాటమని దగ్గరుండి చెబుతాం.

ఆరడుగుల దూరంలో నాటితే ఎకరానికి 1,210 మొక్కలు పడతాయి. గెల చేతికి రావడానికి దాదాపు ఏడాది పడుతుంది. అంటే మనం ఒక్కరోజులో అమ్మే మొక్క మీద ఒక ఇల్లు ఏడాది ఆశ పెట్టుకుంటుంది.

ఆ కౌలు రైతు మర్నాటి ఏడు మళ్లీ మా దగ్గరికే వచ్చారండి. ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చారు. ఆ ఏడు అప్పు వాయిదాలు ఒక్కటీ తప్పలేదు. ఇంతకంటే లాభం మేము చెప్పలేం.

కొత్తగా నర్సరీ పెట్టాలనుకునే చెల్లెళ్లు ముందు ఒకసారి రాయవరం రండి. మా మొక్కలు చూడండి, మేము ఏరిపారేసిన కుప్ప కూడా చూడండి.